అయిదో జత మేకులు

పోయినవారం థమ్సిన్ పిల్చర్‌ని సుంకం కచేరీ మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. చేతిలో లైసెన్సు ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. అవి ఆనందంతో వచ్చిన నీళ్లు కావు. తన ఆరు తెడ్ల పడవకి అనుమతి ఇమ్మని చలికాలమంతా తిరిగితే చివరికి నాలుగు తెడ్లకి ఇచ్చారు. మొగుడు జెత్రో కిందటి అక్టోబరులో సముద్రంలోని గుడ్విన్ ఇసుకమేటల మీద విరిగిపోతున్న ఓడలోంచి జనాన్ని దించడానికి దూకి మళ్లీ కనిపించలేదు. శవం కూడా ఒడ్డుకి రాలేదు. ఆమెకి మిగిలింది ఆ పడవ ఒక్కటే. ఆ పడవని తనిఖీ చెయ్యడానికి ఈ ఉదయం కోల్డ్‌స్టేర్ తీరానికి సుంకం అధికారి వస్తున్నాడు. అతను థమ్సిన్‌కి స్వయానా చెల్లెలి మొగుడు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. ఆ మాట అన్నవాడికి సిల్వెస్టర్ మార్ష్ లాంటి మరిది ఉండి ఉండడు.

మార్ష్ గులకరాళ్ల మీద కాళ్లు తడబడుతూ వచ్చాడు. పదేళ్లుగా ఈ తీరంలో ఉంటున్నా అతనికి గులకరాళ్ల మీద నడవడం రాలేదు. పుట్టింది లోపలి ఊళ్లలో, తోటల మధ్య. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. కళ్లు నీళ్లు కారుతున్నాయి. జలుబు పట్టి వారమైందని గొంతు వింటేనే తెలుస్తోంది. అతని వెనక ఇద్దరు రంపపువాళ్లు ఒక పొడుగాటి గోనెమూటని చెరోవైపు పట్టుకుని వస్తున్నారు. మూట చివర పళ్లు బయటికి కనిపిస్తున్నాయి.

థమ్సిన్ పడవ పక్కనే నిలబడి ఉంది. మరిది మొహం కంటే ముందు ఆ పళ్లు చూసింది.

"రంపం ఎందుకు తెచ్చావయ్యా?"

"తనిఖీకి ఎక్కడికి వెళ్లినా తీసుకెళ్లాలి వదినా. అది నియమం," అన్నాడు మార్ష్, రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ.

"బావుంది. పెళ్లిచూపులకి వస్తూ పాడె కూడా మోసుకొచ్చినట్టుంది."

తాడుచక్రం దగ్గర నిలబడ్డ మగవాళ్లు నవ్వారు. ఆ చక్రం తిప్పే ఈ తీరంలో పడవల్ని రాళ్ల మీదికి లాగుతారు. కిందటేడు దాకా దాని చుట్టూ తిరగడానికి మనుషులు చాలేవాళ్లు కాదు. ఇప్పుడు లాగడానికి పడవలే లేక చక్రానికి ఆనుకుని పొగ తాగుతున్నారు.

ఎందుకు లేవంటే, రాజుగారి చట్టం వచ్చింది కాబట్టి. ఆరు తెడ్ల పడవ మంచి మనుషులు దొరికితే ఫ్రాన్సు ఒడ్డుకి వెళ్లి సారా పీపాలతో తెల్లారేలోగా తిరిగొస్తుంది. సుంకంవాళ్ల పడవ దాన్ని పట్టుకోలేదు. పట్టుకోలేని దొంగని ఏం చేస్తారు? వాడి కాళ్లు నరకమన్నారు. నాలుగు తెడ్లకి మించిన పడవ ఏదైనా, దానికి అనుమతి లేకపోతే జప్తు. జప్తు చేసిన పడవని ఇంకెవరూ నీళ్లలోకి దించకుండా ఒడ్డు మీదే మూడు ముక్కలు చేస్తారు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, దొంగసరుకు ఆపడానికి ఊరి పడవలన్నీ కోసేశారు. ఎరిడ్జ్ వాళ్ల పడవ ముక్కు ఇప్పుడు వాళ్ల పెరట్లో పందులదొడ్డి. నడిమి ముక్కలో కోళ్లు పెట్టుకున్నారు. ఆ పడవ ఎక్కి ముప్ఫై మందిని మునిగే ఓడల నుంచి దించిన ముసలి ఎరిడ్జ్ రోజూ పొద్దున్నే వెళ్లి ఆ కోళ్లకి మేత వేసొస్తాడు. అంతకంటే ఆ పడవతో అతనికి ఇంకేం పని?

థమ్సిన్ పడవకి ఆమె తండ్రి 'ఇద్దరక్కచెల్లెళ్లు' అని పేరు పెట్టాడు. ఒకతె థమ్సిన్, రెండోది కెజయా. ఆ రెండోదాన్నే మార్ష్ చేసుకున్నాడు. పెళ్లయ్యాక కెజయా ఈ తీరానికి రావడం మానేసింది. సుంకాలవాడి పెళ్లాం వస్తోందంటే ప్రతి ఇంట్లోనూ సుంకం కట్టని టీ డబ్బా దాచెయ్యడం ఆమె చూసింది మరి. ఎవరికి మాత్రం బాధగా ఉండదు?

"మొదలుపెడదామా?" అన్నాడు మార్ష్.

"పెట్టు. నీ లెక్క అయ్యాక నా పడవ నాకొదిలెయ్. ఈ ఆటు పోయి పోటు వచ్చేసరికి దించుకుంటాం."

మార్ష్ పడవ వెనక నుంచి మొదలుపెట్టాడు. తెడ్డు ఆనడానికి పడవ అంచులో రెండేసి చెక్కమేకులు దిగేసి ఉంటాయి. ఆ రెంటి మధ్య తెడ్డు ఆడుతుంది. జత మేకులుంటే ఒక తెడ్డుకి చోటున్నట్టు. అతను ఒక్కో జతనీ వేలితో తట్టి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదోచోట మేకుల్లేవు. కన్నాల్లో కొత్త బిరడాలు కొట్టి, పైన తారు పూసి ఉంది. ఆ మేకులు పీకడానికి కిందటివారం థమ్సినూ, జెత్రోతో తెడ్డు వేసిన ముసలి ఆమోస్ బాక్సూ ఒక పూటంతా చెమటోడ్చారు. చలికాలపు ఉప్పునీళ్లకి ఉబ్బిన చెక్క ఒక పట్టాన వదలదు. వేడినీళ్లు పోసి, కొడవలి కొనతో పెళ్లగించి, సుత్తి పిడి విరగ్గొట్టుకుంటే తప్ప ఊడలేదు.

"శుభ్రంగా చేశారు," అని మెచ్చుకున్నాడు మార్ష్. తరవాత పడవ ముక్కు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అక్కడ ఇంకో జత మేకులున్నాయి.

"ఇదేంటి వదినా?"

"అది జెత్రో చోటు."

"చోటు ఎవరిదని కాదు. మేకులున్నాయేంటని అడుగుతున్నా."

"చూస్తే తెలీడంలా? ఏడాది తిరగలేదు."

మార్ష్ నిట్టూర్చాడు. జలుబుతో నిట్టూరిస్తే అది తుమ్ముగా మారింది. అతనికి ఆ ఆచారం తెలియక కాదు, కెజయా చెప్పే ఉంటుంది. ఈ తీరంలో సముద్రంలో పోయి శవం దొరకనివాడి తెడ్డుమేకుల్ని ఎవరూ పీకరు. ఏడాది తిరిగేదాకా ఆ బల్ల మీద ఎవరూ కూర్చోరు. కూర్చోవడం సరిగదా, దాటుకుని వెళ్లేవాళ్లు కూడా దాన్ని ముట్టుకోకుండా దాటతారు. పోయినవాడు రాత్రిపూట తన పడవని వెతుక్కుంటూ వస్తాడు, చోటు కనపడకపోతే వేరేవాడి చోటు అడుగుతాడు, అని ముసలాళ్లు చెబుతారు. చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వినవాళ్లని ఆ బల్ల మీద కూర్చోమంటే మాత్రం ఒక్కడూ కూర్చోడు.

"వదినా, లైసెన్సులో ఏం రాశారో చదివి వినిపించనా? తెడ్డు పెట్టే చోట్లు నాలుగుకు మించకూడదు. తెడ్డు ఉందా లేదా, మనిషి ఉన్నాడా పోయాడా, అదేం లేదు అందులో. చోట్లు అని ఉంది. నాలుగూ ఒకటీ అయిదు."

"చచ్చినవాడు తెడ్డు వేస్తాడా మరిదీ?"

"వెయ్యడు."

"మరి?"

"మరి చట్టానికి ఆయన చచ్చాడో బతికాడో తెలీదు. మేకులున్నాయని మాత్రం తెలుసు."

థమ్సిన్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఈరోజు రాజుకున్నది కాదు. డిసెంబరు నుంచీ లోపల కుంపటిలా ఉంది.

"తెలీదా? చట్టానికి తెలీదా? అయితే విను, నాకు తెలిసింది చెప్తాను. ఆరు తెడ్లకి ఇమ్మని అడగడానికి వెళ్తే, ముందు నాలుగుకి తెచ్చుకో, అప్పుడు ఆరుకి అర్జీ పెట్టుకో అన్నాడు ఒక గుమాస్తా. నాలుగుకి అడిగితే పడవ నీ పేరున లేదు, మీ ఆయన్ని రమ్మన్నాడు ఇంకొకడు. ఆయన పోయాడయ్యా అంటే పోయినట్టు పాదిరీగారి దగ్గర కాగితం తెమ్మన్నాడు. పాదిరీగారేమో శవం లేందే కాగితం ఎలా ఇస్తానమ్మా అంటాడు. ఆయన కాళ్లు పట్టుకుని కాగితం రాయించుకుని వెళ్తే, నువ్వు దొంగసరుకు ముట్టవని కూడా ఆయన చేతే రాయించుకు రమ్మన్నారు. రాశాడు పాపం. పక్కన ఏం గ్లాసు పెట్టుకుని రాశాడో, అందులో ఏ దేశం సారా ఉందో నువ్వు అడక్కు, నేను చెప్పను!"

ఈసారి రంపపువాళ్లు కూడా నవ్వారు. మార్ష్ నవ్వలేదు.

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది మీ కచేరీ," అంది థమ్సిన్. "నాలుగు తెడ్లతో ఆ ఇసుకమేటల దగ్గరికి వెళ్లగలమా? ఎదురు నీళ్లలో నిలబడగలమా? అది అడిగినవాడు లేడు ఒక్కడూ. కిందటివారం అక్కడ ఒక ఓడ విరిగిపోతుంటే ఒడ్డు మీద నిలబడి చూశాం మరిదీ. అందులో పిల్లల ఏడుపు ఇక్కడికి వినిపించింది. పడవుంది, మనుషులున్నారు. లైసెన్సు లేదు. అది చాల్లేదని ఇప్పుడు మేకులు లెక్కపెడుతున్నావు."

ఆ ఏడుపు అందరూ విన్నారు. మార్ష్ కూడా విన్నాడు, అతని ఇల్లు తీరానికి అంత దూరమేం కాదు. అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

ఈ మనిషిని చెడ్డవాడనడానికి నాకు నోరు రావడం లేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ వదిలేస్తే పైవాళ్లు అతని ఉద్యోగం ఊడగొడతారు. కోసేస్తే ఇంట్లో పెళ్లాం జన్మలో మొహం చూడదు. అతను రంపపువాళ్లకి వినపడనంత దగ్గరికి వచ్చాడు.

"వదినా, నిన్న రాత్రంతా కెజయా ఏడుస్తూనే ఉంది. నాన్న పెట్టిన పేరు కోస్తావా అని. నేను ఒకటి చేస్తాను. అటు తిరిగి ముక్కు చీదుకుంటాను. జలుబు కదా, కాస్త టైం పడుతుంది. నేను ఇటు తిరిగేసరికి ఆ మేకులు ఉండకూడదు. కన్నాల్లో ఓ గుడ్డముక్క కుక్కు, సాయంత్రం బిరడా కొట్టుకో. నేనేమీ చూళ్లేదు. ఇంతకంటే నా వల్ల కాదు."

థమ్సిన్‌కి ఇంతవరకూ గోడకి తల బాదుకున్నట్టుగా ఉంది. ఇప్పుడు గోడే కాస్త పక్కకి జరిగింది. కానీ జరిగినచోట అవతల జెత్రో ఉన్నాడు.

ఆమె పడవ వైపు చూసింది. పద్దెనిమిదేళ్లు ఆ మనిషి ఆ బల్ల మీదే కూర్చున్నాడు. ముక్కు దగ్గరివాడే ముందు దూకాలి, అందుకని ఆ చోటు ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. కోపిష్టి, మాట వినడు, తాగితే పాడతాడు, పాట రాదు. చట్టం వచ్చిన కొత్తలో థమ్సిన్ అతన్ని వంటింట్లో నిలబెట్టి, ఇంక ఒక్క పీపా కూడా ఈ పడవెక్కించనని తన తల మీద ఒట్టు వేయించుకుంది. "నీ తల అంటే నాకు రాజుగారి తలకంటే ఎక్కువే," అని నవ్వుతూ వేశాడు. ఆ ఒట్టు నమ్మే కదా ఆమె కచేరీలో అందరి ముందూ ధైర్యంగా నిలబడింది.

"ఏమంటావ్ బాబాయ్?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండానే.

ఆమోస్ బాక్స్ ఆమెకి వెనకే ఉన్నాడు. ఈ చలికాలమంతా అతను ఆమె వెనకే ఉన్నాడు. జెత్రో పోయిన రాత్రి పడవలో ఉన్నవాళ్లలో పెద్దవాడు అతనే. వచ్చి తలుపు కొట్టి చెప్పిందీ అతనే. కచేరీకి ఆమోసే వెళ్తే సరిపోయేదానికి, "నువ్వే వెళ్లాలి తల్లీ, ఆడమనిషి కళ్లనీళ్లు చూస్తే ఎంత గుమాస్తా అయినా కరుగుతాడు," అని ప్రతిసారీ ఆమెనే పంపాడు. రేవుపట్నం వెళ్లి రావడం ఒక్కరోజులో అయ్యేపని కాదు. వెళ్లినప్పుడల్లా ఆమె అక్కడ ఒక దూరపు బంధువు ఇంట్లో పడుకుని మర్నాడు వచ్చేది. మొన్ననే తనిఖీ రోజు కనుక్కోవడానికి అలా వెళ్లి వచ్చింది. కిందటివారం అయిదోచోటి జత పీకేటప్పుడు ఎలాగూ పీకుతున్నాం కదా ముక్కు దగ్గరివి కూడా తీసేద్దామా అని ఆమె నీళ్లు నములుతుంటే, "ఏడాది తిరగనీ తల్లీ, పాపం తగులుతుంది," అని ఆపిందీ అతనే.

"పీకడానికి వీల్లేదు," అన్నాడు ఆమోస్. ఆ మాట అంత గట్టిగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. "ఏంటయ్యా సుంకాలయ్యగారూ, చచ్చినవాణ్ణి కూడా జప్తు చేస్తారా? సమాధులు తవ్వి లెక్కపెట్టుకోండిక!"

"ఆమోస్, నేను సాయం చేద్దామని చూస్తున్నా," అన్నాడు మార్ష్.

"నీ సాయం తగలెయ్య."

"అయితే రంపం విప్పమంటావా?"

రంపపువాళ్లు ఇద్దరూ తలలెత్తారు. వాళ్లకి ఏ పనైనా ఒకటే. రెండు కోతలు, మూడు ముక్కలు, ఆపైన ఇంటికెళ్లి వేడిగా ఏదైనా తాగొచ్చు. ఒకడు అప్పుడే గోనె ముడి విప్పుతున్నాడు.

ఆ ముడి విడిపోవడం చూసేసరికి థమ్సిన్ మనసు గట్టిపడింది. ఈ పడవ మీద నాలుగిళ్లు బతుకుతున్నాయి. లంగరు వేసిన ఓడలకి సరుకు మోసినా, ఓడలకి దారి చూపే మనిషిని ఎక్కించినా, మునిగేవాళ్లని దించినా దీని మీదే. ఇది ముక్కలైతే తను వెళ్లేది బీదలసత్రానికే, అక్కడ పాత తాళ్లలోంచి నార పీకుతూ చావడానికే. చచ్చినవాడి చోటు కాపాడటానికి బతికున్నవాళ్లని రోడ్డు మీద నిలబెట్టమంటే జెత్రో మాత్రం ఒప్పుకుంటాడా? తిడతాడు. 'మేకులు నా పెళ్లివుంగరాలా ఏంటే, పీకి పారెయ్,' అంటాడు.

"అటు తిరుగు మరిదీ," అంది. "నీ జలుబు సంగతి చూసుకో."

మార్ష్ కృతజ్ఞతగా తలూపి సముద్రానికి వీపు పెట్టి రుమాలు తీశాడు.

"నేను పీకుతా, నువ్వు పక్కకి రా," అంటూ ఆమోస్ ముందుకి తోసుకొచ్చాడు. ఇందాక పీకడానికి వీల్లేదన్న మనిషే.

"నువ్వెందుకు? ఆయన నా మొగుడు."

"చెక్క ఉబ్బి ఉంటుంది తల్లీ, నీ చేతులకి రాదు. సుత్తి కావాలి, వేడినీళ్లు కావాలి..."

"వస్తుందో రాదో నేను చూసుకుంటా. పాపం తగిలితే నాకే తగలనీ. తప్పుకో బాబాయ్."

ఆమె గులకరాళ్ల మీంచి పడవ అంచుకి చేరి రెండు చేతులా మొదటి మేకుని పట్టుకుంది. కళ్లు మూసుకుంది. లోపల ఒక చిన్న ప్రార్థన మొదలుపెట్టి, అది పూర్తి కాకముందే బలంగా లాగింది.

లాగి, వెనక్కి పడబోయింది. మేకు వెన్నలోంచి కత్తి వచ్చినంత తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది.

థమ్సిన్ కళ్లు తెరిచింది. రెండోది పట్టుకుంది. ఈసారి రెండు వేళ్లతోనే లాగింది. అదీ వచ్చేసింది.

అక్టోబరు నుంచీ ఎవరూ ముట్టని మేకులు ఉప్పునీళ్లకి ఉబ్బి రాయిలా బిగుసుకుపోయి ఉండాలి. వీటి పక్కవాటిని పీకడానికే సుత్తి విరిగింది. కానీ ఈ రెండూ నున్నగా, మెత్తగా ఉన్నాయి. అరచేతికి జిడ్డు అంటింది. ఆమె చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. గొర్రెకొవ్వు. పాతబడి కంపు కొట్టేది కాదు, రాసి రెండుమూడు రోజులు కూడా కానిది. తెడ్డు చప్పుడు చెయ్యకూడదనుకున్నప్పుడు ఈ తీరంలో మేకులకి గొర్రెకొవ్వు రాస్తారు. చప్పుడు చెయ్యకుండా ఎవరు వెళ్తారో, ఎందుకు వెళ్తారో ఇక్కడ పుట్టినవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మేకుల లోపలి వైపు తెడ్డు రాసుకున్నచోట చెక్క కొత్తగా, తెల్లగా మెరుస్తోంది.

మొన్న తను రేవుపట్నంలో, కచేరీ మెట్ల మీద, గుమాస్తాల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఆ రాత్రి ఈ పడవ నీళ్లలోకి వెళ్లింది. అంతకుముందు వెళ్లినప్పుడు కూడా వెళ్లి ఉంటుంది. తను వెళ్లిన ప్రతిసారీ.

అది కూడా ఆమెకి పెద్దగా అనిపించలేదు. అంతకంటే పెద్దది వెనకాలే వచ్చి నెత్తిన పడింది. ఈ చోట ఎవరో కూర్చున్నారు. పోయినవాడి చోట. ఆమోస్ కూర్చోడు, చస్తే కూర్చోడు. ఎరిడ్జ్ కొడుకులు కూర్చోరు. కోల్డ్‌స్టేర్‌లో పుట్టిన ఏ మగవాడూ, ఎన్ని పీపాలు ఇస్తానన్నా, ఆ బల్ల మీద కూర్చుని తెడ్డు పట్టుకోడు. చచ్చినవాడి చోటు అని భయం లేనివాడు ఈ లోకంలో ఒక్కడే ఉంటాడు. ఆ చోటు తనదే అయినవాడు.

జెత్రో బతికే ఉన్నాడు.

ఆమె మెల్లగా ఆమోస్ వైపు తిరిగింది. అతను మేకుల వైపు చూడటం లేదు. ఆమె చేతుల వైపు, ఆ జిడ్డు వైపు చూస్తున్నాడు. ముసలి మొహంలో రక్తం లేదు.

"ఇక్కడ ఎవరు కూర్చున్నారు బాబాయ్?" అంది, పెదాలు కదిలీ కదలకుండా.

"అక్కడెవరూ కూర్చోరమ్మా. నీకు తెలుసుగా."

"తెలుసు. అందుకే అడుగుతున్నా."

ఆమోస్ మార్ష్ వీపు వైపు ఓసారి చూశాడు. "ఇప్పుడు బైబిలు మీద ప్రమాణం అడుగుతాడు, చేసెయ్ తల్లీ," అన్నాడు గొణుగుతూ. "ముందు వీణ్ణి పంపించెయ్. తరవాత అన్నీ చెప్తా. నీ మంచికే చేశాం."

నీ మంచికే. ఆ మాట వినగానే ఆమెకి సంతోషం రావాల్సింది. మొగుడు బతికున్నాడని తెలిసిన ఆడది రాళ్ల మీద మోకాళ్ల మీద కూలబడి దేవుడికి దండం పెట్టాలి. కూలబడలేదు. కళ్ల ముందు కచేరీ మెట్లు కనిపించాయి. పాదిరీగారి కాళ్లు కనిపించాయి. మొగుడు పోయాడని కాగితం మీద రాయించుకోవడానికి తను ఏడ్చిన ఏడుపు కనిపించింది. ఇన్ని నెలలూ రాత్రిళ్లు సముద్రం వైపు తలుపు తీసిపెట్టి, చలికి దగ్గుతూ, వస్తాడేమో అని కూర్చుంది. వచ్చాడు. తలుపు దాటి, కిందికి, పడవ దగ్గరికి వచ్చాడు. ఇంట్లో తను లేని రోజు చూసుకుని వచ్చాడు.

"అయిందా వదినా?" అంటూ మార్ష్ ఇటు తిరిగాడు.

థమ్సిన్ మేకులు రెండూ ఏప్రన్ కింద దాచి పిడికిలి బిగించింది. మార్ష్ పడవ ముక్కు దగ్గరికి వచ్చి ఖాళీ కన్నాలు చూశాడు. కొవ్వు వాసన గుప్పుమంటోంది, కానీ అతని ముక్కుకి ఈ వారం గులాబీ పెట్టినా పేడ పెట్టినా ఒకటే. అతని మొహం విప్పారింది. చాలా రోజులకి ఇంటికి వెళ్లి పెళ్లాం మొహం చూడగలననుకున్న మగాడి మొహం అది.

"నాలుగు," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "లైసెన్సు ప్రకారం నాలుగు. పడవ సరిగ్గా ఉంది. ఒరేయ్, రంపం సర్దండి!"

తాడుచక్రం దగ్గర ఎవరో ఈల వేశారు. ముసలి ఎరిడ్జ్ టోపీ గాల్లోకి విసిరాడు. రంపపువాళ్లు నిరాశగా గోనె చుట్టడం మొదలుపెట్టారు. మార్ష్ కోటు జేబులోంచి చిన్న బైబిలు తీసి పడవ అంచు మీద పెట్టాడు.

"ఆఖరి పని ఒకటుంది వదినా. చెయ్యి దీని మీద పెట్టు. నేను చెప్తాను, నువ్వు ఊఁ అను, చాలు. లైసెన్సుకి అర్జీ పెట్టిన నాటి నుంచీ ఈ పడవ నాలుగు తెడ్లకి మించి నడవలేదు. సుంకం కట్టని సరుకు ఎక్కించుకోలేదు. నాకు తెలిసినంతలో ఇది నిజం."

నాకు తెలిసినంతలో. ఇందాక అతను ముక్కు చీదుకోవడానికి అటు తిరిగే ముందైతే థమ్సిన్ ఈ ప్రమాణం వందసార్లు చేసేది, ఆ చెయ్యి నిప్పులో పెట్టి చేసేది.

ఆమె కుడిచెయ్యి బైబిలు మీద పెట్టింది. ఎడమ పిడికిలిలో మేకులు జారుతున్నాయి. ఇంకా బిగించి పట్టుకుంది. ఆమోస్ చూపు ఆమె మొహం మీదే ఉంది. ప్రాధేయపడుతున్న చూపు. తనొక్క మాట అంటే పడవ తనది, మొగుడు తనవాడు, ఊరు తనది. దేవుడు ఒక్కడే అబద్ధంలో పాలుపంచుకోడు. రోజూ పడవెక్కే ముందు ఆయన్నే కదా పిలవాలి.

"ఊఁ అను వదినా," అన్నాడు మార్ష్ మెత్తగా. "కెజయా ఎదురుచూస్తోంది."

థమ్సిన్ బైబిలు మీంచి చెయ్యి తీసేసింది. ఏప్రన్ కింద నుంచి ఎడమచెయ్యి బయటికి తెచ్చి, ఆ పుస్తకం మీద ఒకదాని పక్కన ఒకటి రెండు మేకులూ పెట్టింది. కొవ్వు అట్ట మీదికి పాకింది.

"మరిదీ," అంది, "ఆ రంపాన్ని అప్పుడే సర్దనివ్వకు."